వేలంపాటని ముందే చెప్పొచ్చా? ఉద్దుల నుంచి గచ్చిబౌలి టర్ఫ్ దాకా

ఈ ఎపిసోడ్ రెండు వారాలు లేటయింది. రీసెర్చ్ వల్ల కాదు, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నా. చెప్పేస్తా.

గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు ఉండేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. రాత్రి పదిన్నర, ఫ్లడ్‌లైట్లు, చుట్టూ వల కట్టిన టర్ఫ్, లోపల మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా బాక్స్ క్రికెట్ ఆడుతున్న జనం. ఆఫీసుకో లీగ్, గేటెడ్ కమ్యూనిటీకో లీగ్. ప్రతిదాని పేరు చివర 'ప్రీమియర్ లీగ్' ఉండాల్సిందే. ఈ మధ్య ఆట కంటే పెద్ద తంతు ఆటకి ముందు జరిగే ప్లేయర్ల వేలం. డబ్బులేం ఉండవు, ఒక్కో కెప్టెన్‌కి ఇన్ని పాయింట్లని ఇస్తారు. కాన్ఫరెన్స్ రూమ్‌లో ప్రొజెక్టర్ మీద ఎక్సెల్ షీట్, సుత్తికి బదులు ఒకడి చేతిలో టీటీ బ్యాట్. మూడు నెలల క్రితం జాయిన్ అయిన ఫ్రెషర్ కూడా తన మేనేజర్ రేటు పాడొచ్చు. ఆ మజానే వేరు, కాదనను.

నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో అలాంటి ఒక లీగ్‌కి ప్రెడిక్షన్ షీట్ చేశా. రెండు సీజన్ల స్కోర్లు తీసుకుని పైథాన్‌లో చిన్న మోడల్ రాసి, 64 మందిలో ఎవరు ఏ టీమ్‌కి ఎన్ని పాయింట్లకి పోతారో వరసగా పేర్చి, వేలానికి ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశా. లైకులే లైకులు. ఆ షీట్‌లో 64వ వరసలో ఒక పేరు ఉంది, పక్కన 'అమ్ముడుపోడు' అని ఉంది. కోడ్ ఇచ్చిన మాట అది, కానీ గ్రూప్‌లో పెట్టింది నేను. పొద్దున్నే అతను లీగ్ నుంచి పేరు తీసేసుకున్నాడు. ఆఫీస్ పని ఉందన్నాడు. నాతో ఎప్పట్లాగే మాట్లాడాడు, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

సాయంత్రం వేలం జరిగింది. నేను చెప్పిన మొదటి పది పేర్లలో మూడే నేను చెప్పిన టీమ్‌కి వెళ్లాయి. మిగతావన్నీ అటూ ఇటూ. 64వ వరస తప్పో ఒప్పో మాత్రం తేలనే లేదు, ఎందుకంటే అతను అక్కడ లేడు.

అప్పట్నుంచి నాకొకటే డౌట్. ఆటగాళ్లని ఎంచుకోవడం అనే పనిని అసలు ముందే చెప్పొచ్చా? దీని హిస్టరీ తవ్వితే దొరికినవి ఇవాళ చెప్తా.

ముందు మన ఊళ్లోంచే మొదలుపెడదాం. మీ నాన్నగారినో తాతగారినో అడగండి, చెడుగుడుకో కబడ్డీకో జట్లు ఎలా పంచుకునేవాళ్లని. చాలామంది చెప్పే మాట 'ఉద్దులు'. ఉద్ది అంటే నీకు సమానమైన జోడీ. దాదాపు ఒకే బలం ఉన్న ఇద్దరు పిల్లలు భుజాల మీద చేతులేసుకుని పక్కకి పోతారు. చెవుల్లో గుసగుసగా పేర్లు పెట్టుకుంటారు. నువ్వు చెట్టు, నేను పుట్ట. వెనక్కొచ్చి కెప్టెన్ల ముందు నిలబడి, 'చెట్టు కావాలా, పుట్ట కావాలా?' అంటారు. కెప్టెన్ చెట్టు అంటాడు. ఆ చెట్టు ఎవడో అన్నాకే తెలుస్తుంది.

ఇంజినీర్ కళ్లతో చూడండి దీన్ని. కెప్టెన్ మనిషిని ఎంచుకోవట్లేదు, ఒక మాటని ఎంచుకుంటున్నాడు. ఇద్దరూ సమానం కాబట్టి ఎటు పోయినా జట్లు బ్యాలెన్స్‌గానే ఉంటాయి. ఎవడు ముందు ఎవడు చివర అన్న లిస్టే పుట్టదు. బలహీనుడికి కూడా ఇంకో బలహీనుడు ఉద్దిగా ఉంటాడు, ఇద్దరూ కలిసే వస్తారు. దీన్ని ప్రెడిక్ట్ చేయాలంటే నాణెం ఎగరేయడం తప్ప మార్గం లేదు. ఏ ఊళ్లో ఎవరు కనిపెట్టారో గానీ, రేటింగ్ సిస్టమ్ లేకుండా రెండు సమాన జట్లు తయారుచేసే పద్ధతి ఇంతకంటే సింపుల్‌ది నేను చూడలేదు. కాకపోతే ఒక్క షరతు. నీకు సమానం ఎవడో నువ్వే ఒప్పుకోవాలి. అక్కడ కొట్లాటలు అయ్యేవనుకోండి.

ఇప్పుడు ఒక్కసారి అమెరికా పోయి వద్దాం, ఎందుకంటే 'డ్రాఫ్ట్' అనేది అక్కడి సరుకు. అక్కడ పెరట్లో చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే విఫిల్‌బాల్ లీగులకి కూడా డ్రాఫ్టులు పెట్టుకునేవాళ్లున్నారు. పెద్ద స్థాయిలో దాన్ని మొదలుపెట్టింది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, ఎన్‌ఎఫ్‌ఎల్. 1935లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఓనర్ బర్ట్ బెల్ ఒక ప్రతిపాదన పెట్టాడు: డబ్బున్న టీమ్‌లే మంచి కాలేజీ ప్లేయర్లని ఎగరేసుకుపోతున్నాయి, అందుకని ఆఖరున ఉన్న టీమ్‌కి మొదటి ఛాన్స్ ఇద్దామని. మొదటి డ్రాఫ్ట్ వేళకి ఆయన టీమే ఆఖరున ఉంది లెండి. 1936 ఫిబ్రవరిలో మొదటి డ్రాఫ్ట్ జరిగింది, 9 రౌండ్లు, 81 మంది. మొట్టమొదటి పేరు జే బెర్వాంగర్, అప్పటికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అతన్ని మించినవాడు లేడు. మరి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను ఆడిన మ్యాచ్‌లు ఎన్ని? సున్నా. జీతం దగ్గర బేరం కుదరక అసలు చేరనే లేదు. డ్రాఫ్టుల చరిత్రలో మొదటి పిక్కే మొదటి మిస్. ప్లేయర్ ఎంత గొప్పవాడో అందరూ కరెక్ట్‌గానే చెప్పారు. అతను వస్తాడా అని ఎవరూ అడగలేదు.

ఇక మన దగ్గరికొద్దాం. 2008 ఫిబ్రవరి 20, ముంబై, మొదటి ఐపీఎల్ వేలం. క్రికెటర్లని పాట పెట్టి కొంటారా అని టీవీల ముందు జనం నోళ్లు తెరిచిన రోజు. హైదరాబాద్ టీమ్ డెక్కన్ ఛార్జర్స్. సైమండ్స్ 13.5 లక్షల డాలర్లు, ఆ రోజు ధోనీ తర్వాత అదే పెద్ద రేటు. ఆర్పీ సింగ్ 8.75 లక్షలు, రోహిత్ శర్మ 7.5 లక్షలు, గిల్‌క్రిస్ట్ 7 లక్షలు, ఆఫ్రిది 6.75 లక్షలు, గిబ్స్ 5.75 లక్షలు. ఈ పేర్లు మళ్లీ ఒకసారి చదవండి. నేనప్పుడు స్కూల్లో ఉన్నా, మా క్లాసులో ఇంకో టీమ్ గెలుస్తుందన్నవాణ్ని పిచ్చోడిలా చూశాం.

ఇందులో లక్ష్మణ్ సంగతి ఆగి చెప్పుకోవాలి. అప్పట్లో సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్ వాళ్ల వాళ్ల సిటీలకి 'ఐకాన్' ప్లేయర్లు. ఐకాన్‌కి టీమ్‌లో అందరికంటే ఎక్కువ రేటు పలికినవాడికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్‌కి లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు, ఆ డబ్బుతో టీమ్ ఇంకా మంచి ప్లేయర్లని కొనుక్కోవచ్చని. సైమండ్స్ రేటుతో లెక్కేస్తే ఆయనకి రావాల్సింది 15 లక్షల డాలర్ల పైమాటే. తీసుకున్నది 3.75 లక్షలు. ఏ మోడల్ ఈ లైన్‌ని ఊహిస్తుంది చెప్పండి? మన డేటాలో 'హోదా వదులుకుంటాడు' అనే కాలమ్ ఉండదు.

సీజన్ మొదలైంది. 14 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 8 టీమ్‌లలో ఆఖరు స్థానం. ఉప్పల్‌లో ఒక్కటీ గెలవలేదు. రాజస్థాన్‌తో మ్యాచ్ గుర్తుందా? సైమండ్స్ 53 బంతుల్లో 117 నాటౌట్, ఛార్జర్స్ 214. ఇంక మనదే అనుకున్నాం. ఆఖరి ఓవర్ కూడా సైమండ్సే వేశాడు, ఎదురుగా షేన్ వార్న్. సిక్స్ తర్వాత సిక్స్ కొట్టి పట్టుకుపోయాడు. ఆ వార్న్‌ని రాజస్థాన్ కొన్నది కనీస ధర 4.5 లక్షలకే. వేలంలో అందరికంటే తక్కువ ఖర్చు పెట్టిన టీమ్ అది, కప్పు కూడా అదే కొట్టింది. సైమండ్స్ ఏమో కొద్ది మ్యాచ్‌లకే ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్లిపోయాడు. బెర్వాంగర్ కథే మళ్లీ: మంచివాడా అన్నది ఒక ప్రశ్న, ఉంటాడా అన్నది ఇంకో ప్రశ్న.

ఇక్కడికి ఆపేస్తే 'స్టార్లని కొనకూడదు' అని మీకు అబద్ధం చెప్పినవాణ్ని అవుతా. మరుసటి ఏడాది, 2009లో, దాదాపు అదే బృందం గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో సౌతాఫ్రికాలో కప్పు కొట్టింది. మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ డకౌట్, గిబ్స్ 53 నాటౌట్, 143 పరుగులు చేసి బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో గెలుపు. ఆ సీజన్‌లో ఎక్కువ వికెట్లు తీసింది ఆర్పీ సింగ్. అంటే వేలంలో కొన్నది తప్పా ఒప్పా? 2008 మేలో అడిగితే తప్పు, 2009 మేలో అడిగితే ఒప్పు. అవే పేర్లు.

2008లోనే ఇంకో ముచ్చట ఉంది, జనం తక్కువ మాట్లాడుకునేది. అండర్-19 కుర్రాళ్లని వేలంలో కాదు, డ్రాఫ్ట్‌లో పంచారు. మలేషియాలో వరల్డ్ కప్ గెలిచి వచ్చిన టీమ్ అది. ఢిల్లీకి తమ ఊరి కుర్రాడు విరాట్ కోహ్లీని తీసుకునే ఛాన్స్ వచ్చింది. తీసుకున్నది పేసర్ ప్రదీప్ సంగ్వాన్‌ని. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పటి లిస్ట్ చూడండి: సెహ్వాగ్, గంభీర్, డివిలియర్స్, దిల్షాన్. బ్యాటర్లు ఫుల్. వాళ్లు షాపుకి పోయింది కూరగాయల కోసం, బియ్యం ఇంట్లో ఉన్నాయి. నా షీట్ కూడా సరిగ్గా ఇక్కడే బోల్తా పడింది. నేను ప్లేయర్లకి మార్కులు వేశా. కొనేవాళ్ల చేతిలో ఏముంది, ఏం లేదు, ఎన్ని పాయింట్లు మిగిలాయి, అది చూడలేదు. వేలం ప్రెడిక్షన్ అంటే ప్లేయర్లని చదవడం అనుకున్నా, చదవాల్సింది టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లని.

ఇప్పుడు మన గచ్చిబౌలికే వద్దాం. బాలయోగి ఇండోర్ స్టేడియం. 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టినదే, తెలుగు టైటాన్స్ ఇంటి మ్యాచ్‌లు ఆడిన చోటు. 2023 అక్టోబర్‌లో ప్రో కబడ్డీ పదో సీజన్ వేలం. టీమ్‌కి లిమిట్ 5 కోట్లు. టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కడికే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది, లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ పలకని రేటు. సగం సంచి ఖాళీ.

కబడ్డీలో దీని అర్థం ఏంటో చూడండి. రైడర్ అవుటైతే బెంచ్ మీద కూర్చుంటాడు. మళ్లీ లోపలికి రావాలంటే మిగతావాళ్లు ఎదుటి టీమ్‌లో ఒకణ్ని అవుట్ చేసి వాణ్ని లేపాలి. సగం డబ్బుతో ఒకణ్ని కొన్నాక, వాణ్ని లేపాల్సినవాళ్లని మిగతా సగంతోనే తెచ్చుకోవాలి. పవన్ బానే ఆడాడు, కానీ అతను బెంచ్ మీద ఉన్న నిమిషాలకి జవాబు లేదు. 22 మ్యాచ్‌లలో 2 గెలుపులు, ఆఖరు స్థానం. సెమీఫైనల్స్, ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగాయి. 2024 మార్చి 1న మన స్టేడియంలో, మన టీమ్ లేకుండా, పుణేరి పల్టన్ హర్యానా మీద 28-25తో కప్పు ఎత్తింది. పుణే కూడా ఆ వేలంలో షాద్లూయికి 2.35 కోట్లు పెట్టిందండోయ్. కాకపోతే వాళ్లకి అప్పటికే ఇంట్లో బియ్యం ఉంది.

సరే, ఆ 64వ వరస. బెర్వాంగర్‌కి, సైమండ్స్‌కి, పవన్‌కి ఒక రేటు పలికిందంటే అది వాళ్ల వృత్తి, దానికి జీతం ఉంది. మన టర్ఫ్‌లో ఆడేవాడు ఎనిమిది వందలు తన జేబులోంచి కట్టి వస్తున్నాడు. వాడికి రేటు కట్టి ప్రొజెక్టర్ మీద వేస్తున్నాం. అది చాలదని నేను వేలానికి ముందు రోజే వేశా.

మొన్న అతనికి మెసేజ్ పెట్టా, సారీ చెప్పా. రెండు రోజుల తర్వాత రిప్లై: "అరే, అది నాకు గుర్తే లేదు బ్రో." ఆ వెంటనే ఇంకోటి: "సున్నా పాయింట్లు అని రాశావ్, కనీసం ఐదన్నా రాయాల్సింది."

గుర్తుంది అతనికి.

ఈ నెల ఆఖరి ఆదివారం మా ఫ్రెండ్స్ కొందరం టర్ఫ్ బుక్ చేశాం, 16 మందిమి. వేలం లేదు, షీట్ లేదు, ఉద్దులే. అతన్ని కూడా పిలిచా. వస్తా అన్నాడు, కానీ తన ఉద్దిగా నేను పనికిరానంట, తను నాకంటే బెటరంట. ఇద్దరం ఇంకా కొట్లాడుకుంటున్నాం. ఏం తేలిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. మీ ఊళ్లో చెట్టు-పుట్ట బదులు ఏ పేర్లు పెట్టుకునేవాళ్లో రాయండి, నేను పోగేస్తున్నా.