సికింద్రాబాద్‌లో తుపాకీ: చట్టం, అలవాటు, హింస

సికింద్రాబాద్ తుపాకుల నీడలో పుట్టిన ఊరు. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో బ్రిటిష్ సైన్యం కంటోన్మెంటుగా మొదలైంది. తిరుమలగిరి, బొల్లారం వైపు ఇప్పటికీ సైనిక స్థావరాలే. ఇన్ని ఆయుధాలున్న ఊళ్లో మామూలు ఇళ్లలో మాత్రం తుపాకీ కనపడదు. వీధి తగాదాలో తుపాకీ పేలడం అరుదు. తెలుగు నేల మీద పగలు, భూమి గొడవలు, హత్యలు తక్కువని కాదు. కాకపోతే కోపం వచ్చినవాడి చేతికి దొరికేది కత్తి, గొడ్డలి, కర్ర, రాయి. రాయలసీమ ముఠా కక్షలకు సైతం వేటకొడవలి, నాటుబాంబే గుర్తులయ్యాయి. ప్రాణం పోవడానికీ దెబ్బతో బయటపడడానికీ మధ్య తేడా చాలాసార్లు చేతికందిన వస్తువును బట్టే ఉంటుంది.

బారకాసులో తుపాకీ

జవానుకు రైఫిలు సొంతం కాదు. ఆయుధాలు దాచే గదిని సైన్యంలో ‘కోత్’ అంటారు. నంబరు చూసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. పని అయ్యాక తుడిచి, నూనె రాసి, మళ్లీ అక్కడే అప్పగించాలి. రేంజిలో కాల్చిన ప్రతి తూటాకూ లెక్క ఉంటుంది. ఖాళీ గొట్టాలను ‘ఖోకా’లంటారు. వాటిని గడ్డిలోంచి ఏరి, లెక్కపెట్టి ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా మళ్లీ వెతుకులాటే. సర్వీసు ముగించుకుని సైనిక్‌పురి, అల్వాల్ ప్రాంతాల్లో స్థిరపడ్డ మాజీ సైనికులు ఈ క్రమశిక్షణను వెంట తెచ్చుకున్నారు. బ్యాంకు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న గార్డు చేతిలోని డబుల్ బ్యారెల్, ఊరివాళ్లు దగ్గరగా చూసే తుపాకీ బహుశా అదొక్కటే.

చరిత్ర మాత్రం ఇంత నెమ్మదిగా నడవలేదు. నిజాం రాజ్యంలో అరబ్బు, రోహిల్లా సిపాయిలు ఆయుధాలతో తిరిగేవారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. 1857 గదర్ (తిరుగుబాటు) తర్వాత జనం చేతిలో తుపాకీ అంటే తెల్లదొరలకు భయం పట్టుకుంది. 1878 ఆయుధాల చట్టం ఆ భయంలోంచి వచ్చిందే. ఇటు తెలంగాణ పల్లెల్లో తుపాకీ దొర గడీలో ఉండేది. 1946–51 సాయుధ పోరాటంలో రైతులు మొదట పట్టింది వడిసెల, కర్ర. మందు కూరే భర్మార్లు, రైఫిళ్లు తర్వాత వచ్చాయి. 1951 అక్టోబరులో పోరాటం ముగిశాక కూడా తుపాకీ ఇంటింటి వస్తువు కాలేదు.

లైసెన్సు

ఇప్పుడు అమల్లో ఉన్నది 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో కలెక్టరు, నగరంలో పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. ముందుగా స్థానిక పోలీసుల విచారణ ఉంటుంది. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు కాల్చి ఎదుటివారి ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో జమచేయించుకుంటారు. అమెరికాలో లాగా ఆయుధం ఉంచుకోవడం ఇక్కడ రాజ్యాంగ హక్కు కాదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో గుర్తుచేసింది.

చట్టం దేశమంతటికీ ఒకటే, అలవాటు ఒకటి కాదు. 2016 చివరికి దేశంలో 33 లక్షల పైచిలుకు లైసెన్సులుంటే, అందులో 12 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. అక్కడ భుజాన తుపాకీ పరువుకు గుర్తు. ఇక్కడ ఆ పరువు ఇంకా రాలేదు, రాకూడదు కూడా.

చట్టం జారిన చోట్లు

లైసెన్సు ఉన్నంత మాత్రాన తుపాకీ సాధువైపోదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదాలో ఒక రాజకీయ నాయకుడు లైసెన్సు తుపాకీతో కాల్చాడు. గాయపడ్డవారిలో ఒకరు ఆస్పత్రిలో చనిపోయారు. కర్రలతోనే తేలిపోవలసిన గొడవ అది. అసలు బెడద నాటు తుపాకులతో. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు స్థిరాస్తి వ్యాపారులను కాల్చి చంపారు. ఆ ఆయుధాలు బిహార్ నుంచి తెప్పించినవని పోలీసులు చెప్పారు. 2025 జనవరి 16న బీదర్‌లో కాల్పులు జరిపి ఏటీఎం డబ్బు దోచిన దుండగులు అదే రోజు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మళ్లీ తుపాకీ పేల్చారు.

పాత తరానికి తుపాకీ అనగానే నక్సలైట్ల కాలం గుర్తొస్తుంది. ఐపీఎస్ అధికారులు కె.ఎస్. వ్యాస్ 1993లో, ఉమేశ్‌చంద్ర 1999లో ఈ జంట నగరాల్లోనే బలైపోయారు. ప్రభుత్వ తుపాకీ సంగతీ చెప్పుకోవాలి. సైనిక నియామకాల అగ్నిపథ్ పథకంపై నిరసనల్లో 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో పోలీసు కాల్పులకు వరంగల్ జిల్లా యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని కలగన్నవాడు. ఈ రెండు రకాల చావులనూ లైసెన్సు చట్టం ఆపలేదు. వాటి కారణాలు వేరు.

అమెరికా దారిలో

సికింద్రాబాద్‌లో ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు. అందుకే అక్కడి తుపాకీ ఇక్కడి ఇళ్లలో గుబులు పుట్టిస్తుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను కాలిస్తే ఒకరు చనిపోయారు. 2023 మేలో టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో హతులైన ఎనిమిది మందిలో ఒక తెలుగు యువతి ఉంది. చిన్న ఆయుధాలపై 2017 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ఆ దేశంలో పౌరుల దగ్గర వందమందికి 120 తుపాకులున్నాయి. భారత్‌లో, దొంగ ఆయుధాలు కలుపుకుని, అయిదుకు కాస్త పైన.

2021లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలు. ఈ సంగతి మనవాళ్లు ఎక్కువగా మాట్లాడుకోరు. మన పల్లెల్లో ఆ చోటు పురుగుమందుది. అది తాగినవారిని ఆటోలోనో, 108లోనో ఆస్పత్రికి చేర్చి, కడుపు కడిగించి బతికించుకునే వ్యవధి చాలాసార్లు ఉంటుంది. తుపాకీతో కాల్చుకున్నవారిలో పదింట తొమ్మిది మంది దాకా ఆ వ్యవధికి నోచుకోరు. అలాంటి ముప్పుకు ముందుజాగ్రత్తగా ఇక్కడ 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు దరఖాస్తుకు వైద్యుడి ధ్రువపత్రం జతచేయాలి. శరీరంతో పాటు మనసు ఆరోగ్యం గురించి కూడా అందులో రాయాలి.