పార్సిల్లో ఏముంది?

గవర్నర్‌పేటలో కొరియర్ ఆఫీసు. ఉదయం పదిన్నర. మీ ముందు తూకం మిషను, దాని మీద అట్టపెట్టె. లోపల ఆవకాయ, గోంగూర, కందిపొడి, బందరు లడ్డు. పచ్చళ్ళన్నీ వాక్యూమ్ ప్యాకింగ్ అయిపోయాయి. కౌంటర్లో కుర్రాడు టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకేమైనా పెట్టాలా మేడమ్? మందులుంటే చెప్పండి. డాక్టర్ చీటీ, బిల్లు కావాలి. మీ ఆధార్ జిరాక్సు కూడా."

మీ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్తుంది. వేళ్ళకు చిన్న డబ్బా తగులుతుంది. బయటికి తియ్యరు.

నిన్న చెల్లి ఫోన్ చేసింది, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి. "అక్కా, నెల తప్పింది. ఉన్న ఇద్దరితోనే నా వల్ల కావడం లేదు. ఇక్కడ ఏ డాక్టరూ చెయ్యరు. పచ్చళ్ళతో పాటు కిట్టు పెట్టి పంపించు. అమ్మకు చెప్పకు." మీరు సరేనన్నారు.

పొద్దున్నే మీ వీధి చివర మెడికల్ షాపులో గొంతు తగ్గించి అడిగారు. షాపతను చీటీ అడగలేదు. ఎవరికని అడగలేదు. ఎన్ని వారాలని అడగలేదు. పేపరు ముక్కలో చుట్టి చేతిలో పెట్టాడు. బిల్లూ లేదు.

ఇప్పుడు కౌంటర్‌కు కాస్త పక్కకు తిరిగి, బ్యాగులోనే ఆ డబ్బా తెరుస్తారు. ఒకే రేకులో ఐదు మాత్రలు. విడిగా ఉన్నది మిఫెప్రిస్టోన్. గర్భం నిలవడానికి కావాల్సిన హార్మోన్‌ను పనిచెయ్యనివ్వదు. మిగతా నాలుగూ మిసోప్రోస్టాల్. గర్భసంచి ముడుచుకునేలా చేస్తాయి. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు అనుమతి 2002లోనే వచ్చింది. తొమ్మిది వారాల లోపు, అర్హత ఉన్న డాక్టర్ రాస్తే వాడొచ్చు. అబార్షన్లకు సంబంధించిన 1971 నాటి ఎంటీపీ చట్టం దేశమంతటికీ ఒకటే. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలోకి వెళ్ళినా అదే చట్టం, అదే మాత్ర.

మరి అక్కడ?

ఫోన్ మోగుతుంది. చెల్లే. అక్కడ రాత్రి పదకొండు.

"పెట్టావా అక్కా?"

"ఇంకా సీలు వెయ్యలేదు."

మాట్లాడుతూ ఫుట్‌పాత్ మీదికి వస్తారు. ఆటోల హారన్లు. ఒక చెవి మూసుకుంటారు. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు తీసేశాక ఏ రాష్ట్రం చట్టం దానిదే అయిందని చెల్లి గుసగుసగా చెబుతోంది. టెక్సాస్‌లో తల్లికి ప్రాణాపాయం లాంటి పరిస్థితి వస్తే తప్ప చెయ్యకూడదు. చేసిన డాక్టర్‌కు యావజ్జీవం దాకా పడొచ్చు. న్యూయార్క్‌లో అలా కాదు. ఫోన్లో మాట్లాడి, వేరే రాష్ట్రాల వాళ్ళకు పోస్టులో మాత్రలు పంపే డాక్టర్లకు అక్కడి చట్టమే అండగా ఉంటుంది.

"అయితే వాళ్ళనే అడగొచ్చుగా?"

"భయమక్కా. మా కౌంటీలోనే కేసయింది."

వాట్సాప్‌లో వార్తలు పంపుతుంది. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడదు. చెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతారు. కాలిన్ కౌంటీలో ఒకామెకు మాత్రలు రాసిన న్యూయార్క్ డాక్టర్ మీద టెక్సాస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ 2024 డిసెంబరులో దావా వేశారు. 2025 ఫిబ్రవరిలో జడ్జి లక్ష డాలర్ల పైన జరిమానా విధించారు. న్యూయార్క్‌లో ఒక కౌంటీ క్లర్కు ఆ తీర్పును దాఖలు చేసుకోనే లేదు. పుట్టని బిడ్డకూ తల్లికీ ఈ మాత్రలు హాని అని టెక్సాస్ అంటోంది. ఫోన్లో వైద్య సలహాతో మాత్రలివ్వడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకుంది.

ఇంకో వార్త. 2025 డిసెంబరు 4 నుంచి కొత్త చట్టం. టెక్సాస్‌లోకి మాత్రలు పంపినవాళ్ళ మీద మామూలు జనమే దావా వెయ్యొచ్చు. ఓడితే కనీసం లక్ష డాలర్లు. వేసుకున్న ఆడమనిషి జోలికి ఆ చట్టం రాదు.

పంపినవాళ్ళు. అంటే మీరు. ఫారం మీద మీ పేరుంది. ఆ చట్టం బెజవాడ దాకా వస్తుందో రాదో గానీ, పెట్టె మీద చెల్లి అడ్రసుంది.

"మేడమ్, వ్యాను వచ్చేసింది!"

పెట్టెయ్యొచ్చు. లడ్డు డబ్బా అడుగున. కస్టమ్స్‌లో ఆగొచ్చు. ఆగకపోవచ్చు. చేరడానికి పది రోజులనుకోండి.

"నీకు ఎన్ని వారాలే?"

"ఏడో, ఎనిమిదో. సరిగ్గా తెలీదు."

ఏడైతే సరే. ఎనిమిదైతే గడువు దాటుతుంది.

"స్కానింగ్ తీయించుకున్నావా?"

"లేదు."

గర్భం ట్యూబులో ఉంటే? ఈ మాత్రలు పనిచెయ్యవు. ట్యూబు పగలొచ్చు. లోపల రక్తం. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. పిల్లలు నిద్రలో. మీరిక్కడ.

కుర్రాడు టేపు లాగాడు.

బ్యాగు జిప్పు వేస్తారు.

"సీలు వేసెయ్ బాబూ. మందులేం లేవు."

ఫోన్లో చెల్లి ఏడుస్తోంది. "విను. రేపే స్కానింగ్ తీయించుకో. తర్వాత న్యూ మెక్సికో వెళ్ళు. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. డాక్టర్ చూస్తారు. టికెట్ నేను తీస్తా."

డబ్బా మాత్రం మీ బ్యాగులోనే ఉంది. దాన్ని అడిగినంత తేలిగ్గా ఇచ్చిన షాపు ఒక్క మీ వీధిలోనే లేదు. 2015లో మన దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అధ్యయనం లెక్కగట్టింది. అందులో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే. చెల్లి డాక్టర్ కోసం రాష్ట్రం దాటాలి. మనకు సూర్యారావుపేటలో వీధి వీధికీ డాక్టరున్నారు. అయినా షాపు దగ్గరే గొంతు తగ్గిస్తున్నాం.

తగ్గించక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కర్లేదు. పెళ్ళి కాని వాళ్ళకూ ఇదే చట్టమని మన సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. అధికారం లేనివాళ్ళకు పేరు బయటపెడితే డాక్టర్‌కే ఏడాది దాకా జైలు. నెల తప్పితే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మాత్రల సంగతి ఆ తర్వాత.