జోగులాంబ జటలోని శకునాలు

తుంగభద్ర ఎడమ గట్టున, అది కృష్ణలో కలిసే చోటికి చేరువలో ఉన్న అలంపురంలోని జోగులాంబ రూపం, ఉగ్రమూర్తులకు కొదవ లేని శాక్తేయ సంప్రదాయంలో కూడా అరుదైనదే. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో ఐదవదైన ఈ క్షేత్రంలో సతీదేవి పై దంతపంక్తి పడిందని స్థలపురాణం చెబుతుంది. యోగుల అంబ అన్న మాటే జనం నోట జోగులాంబ అయిందంటారు. శవంపై కూర్చున్న ఈ దేవి జటలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉన్నాయని, అవి అలంకారాలు కావని, వరుస గల సంకేతాలని అక్కడి వ్యాఖ్యానం. ఇంట్లో జీవకళ తగ్గడం మొదలైతే బల్లులు పెరుగుతాయి, ఇంకా తగ్గితే తేళ్లు చేరతాయి, ఆపైన గబ్బిలాలు వేలాడతాయి, చివరికి మిగిలేది కపాలం, అంటే మృత్యువు. ఇంటి మంచిచెడ్డలు కనిపెట్టి ఉండే తల్లి గనుక ఆమెను గృహచండి అని కూడా కొలుస్తారు.

బొమ్మను బట్టి రాబోయేది చెప్పడమంటే ఇప్పటి పట్టణ పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది టారో. 22 ప్రత్యేక చిత్రాలు, నాలుగు రంగుల్లో 56 మామూలు ముక్కలు, మొత్తం 78 కార్డులున్న ఈ కట్ట 1440ల ప్రాంతంలో ఉత్తర ఇటలీలోని మిలాన్, ఫెరారా ప్రభువుల కొలువుల్లో కేవలం పేకాట కోసం పుట్టింది. 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇందులో ప్రాచీన ఈజిప్టు జ్ఞానం దాగి ఉందని, ఆధారమేమీ చూపకుండానే, రాసిన తరువాత అది జోస్యానికి సాధనంగా బాగా వ్యాపించింది. ఇప్పటి కట్టల్లో చాలావాటికి మాతృక పమేలా కోల్మన్ స్మిత్ గీయగా 1909లో లండన్‌లో వెలువడిన కట్ట. కలల తర్కంతో బొమ్మలు గీసిన సాల్వడార్ డాలీ కట్ట 1984లో వచ్చింది. పదమూడవ కార్డు మీది అస్థిపంజరం మృత్యువే అయినా, చెప్పేవారు దానిని మార్పుకు గుర్తుగా మెత్తబరచి చెప్పడం ఆనవాయితీ. అలంపురంలో ఆ మెత్తదనం లేదు. అక్కడ కపాలానికి అర్థం మృత్యువే. టారోలో ముక్కలు కలిపి వరుసను చెరిపేసి అర్థం వెదుకుతారు. జోగులాంబ జటలోనైతే వరుసే అర్థం, ముక్క తీసేది మనిషి చేయి కాదు, ఇల్లే.

బొమ్మల పేక ఉపఖండానికి కొత్త కాదు. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా ముక్కలు పంపినట్టు తన స్మృతుల్లో రాసుకున్నాడు. గంజీఫా అంటే చేతితో రంగులద్ది లక్క పూత వేసిన, ఎక్కువగా గుండ్రని ముక్కల పేక. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 ముక్కలుంటాయి. తెలుగు నేలపై నిర్మల్, నొస్సం ఈ పనికి పేరుపొందినవే. మత్స్యం, వరాహం, నరసింహం వంటి వింత రూపాలు ఇన్ని చేతికి అందినా ఈ ముక్కలు ప్రధానంగా ఆటగానే మిగిలిపోయాయి. ఐరోపాలో ఆటముక్క జోస్యంలోకి జారుకోగా ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం, జోస్యం చెప్పే పని అప్పటికే పలు కులవృత్తుల మధ్య పంపకమై ఉండటమేనని భావించడం సమంజసం.

అలంపురం ఉన్న, నడిగడ్డ అని పిలిచే కృష్ణా తుంగభద్రల నడిమి నేలలో చాలా భాగాన్ని గద్వాల సంస్థానమూ, కృష్ణకు ఆవలి ఒడ్డును వనపర్తి, జటప్రోలు సంస్థానాలూ ఏలాయి. పండిత పోషణ వల్ల విద్వద్గద్వాల అనిపించుకున్న గద్వాలలో శాస్త్రజ్ఞులు గ్రహగతులు లెక్కించే పంచాంగం ఎంత సహజమో, తెలుగు పల్లెల్లో తెల్లవారకముందే చిన్న డమరుకంతో వచ్చి శుభాశుభాలు పలికే బుడబుక్కలవారు, బుట్ట దించి చేయి పట్టుకుని సోది చెప్పే ఎరుకల స్త్రీ అంతే సహజం. శ్రీనివాస కల్యాణ గాథలో స్వామి అంతటివాడు ఎరుకలసాని వేషమే వేయవలసి వచ్చింది. ఆ గౌరవం ఎటు పోయిందో గానీ, నేటి తెలుగులో సోది అంటే పనికిరాని మాట. బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏమి ఫలమో చెప్పే పట్టిక ఇప్పటికీ పంచాంగాల్లో అచ్చవుతూనే ఉంది.

టారోకు పైకి బాగా దగ్గరైనది చిలక జోస్యం. పంజరంలోంచి వచ్చిన చిలక వరుసగా పేర్చిన కార్డుల్లో ఒకదానిని ముక్కుతో లాగి, ఒక గింజ కూలి తీసుకుని లోపలికి పోతుంది. దాని మీది దేవుడి బొమ్మను చూసి జోస్యుడు ఫలం చెబుతాడు. అడిగేవారు గానీ చెప్పేవారు గానీ ముక్కను ఎంచరు కనుక, చెడు ఫలం వచ్చినా నింద ఎవరిమీదా పడదు. ఈ వృత్తిలోని నేర్పంతా అందులోనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దేశీయ చిలకలను పట్టడం, పంజరంలో ఉంచడం నేరం కావడంతో ఈ వృత్తి కాళ్లకింద నేల జారింది.

జోగులాంబ శకునాలను చట్టాలేవీ తాకలేదు. ఆమె పాత గుడి మాత్రం 14వ శతాబ్దంలో బహమనీల దాడుల్లో నేలమట్టమై, విగ్రహం పక్కనున్న బాలబ్రహ్మేశ్వరాలయంలో తలదాచుకుంది. ఇంటికి పట్టే నాలుగు దశలనూ జటలో మోస్తున్న దేవి సొంత ఇల్లు దాదాపు ఆరు శతాబ్దాలు శిథిలంగా ఉండి, 2005లో గానీ మళ్లీ లేవలేదు.