అమ్మకానికి లేని మాంసం

ఈ అక్టోబరు చివర నేనూ మా మేనల్లుడూ కలిసి కొలరాడోలో ఎల్క్ వేటకు పోవాలనుకుంటున్నాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి. సంగతి తెలిసి మా అక్క తెలకపల్లి నుంచి ఫోన్ చేసింది. "జైల్ల ఏస్తరేమోరా" అన్నది ముందు. ఆ భయం సబబే. మన్ననూరు చెక్‌పోస్టు దాటినాక నల్లమల అడవిలో తుపాకితో దొరికినవాడి గతి ఏమవుతుందో మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది: "గంత జీతాలొస్తయి, మాంసం కొనుక్కోరాదురా?"

కొనుక్కుందామంటే దొరకదు. కొలరాడోలో లైసెన్సు తీసుకొని అడవి ఎల్క్‌ను చంపి తినొచ్చు, నలుగురికీ పంచొచ్చు. ఆ మాంసం ఒక్క కిలో అమ్మితే మాత్రం నేరం. దుకాణాల్లో ఎప్పుడైనా కనిపించేది దొడ్లలో పెంచినది, దాని లెక్క వేరు. అమెరికా తన అడవి జంతువులను ఎట్లా పోగొట్టుకుని ఎట్లా తిరిగి తెచ్చుకుందో తెలియాలంటే ఈ అమ్మకం దగ్గరే మొదలుపెట్టాలి. అక్కకు ఫోన్లో సగం కూడా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఎల్క్ అంటే నల్లమల కణుజుకు దూరపు చుట్టం. ఒళ్లు ఇంకా పెద్దది. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. సెప్టెంబరు ఎదకాలం. అప్పుడు మగవి కొండల్లో వేసే కేక మొదటిసారి విన్నవాళ్లు ఎవరో ఈల ఊదుతున్నారనుకుంటారు. అంత పెద్ద గొంతులోంచి అంత సన్నని చప్పుడు రావడం వింతే.

తెల్లవాళ్లు రాకముందు ఉత్తర అమెరికాలో ఇవి కోటి దాకా ఉండేవని ఒక అంచనా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లక్ష కూడా మిగల్లేదు. తూర్పు రాష్ట్రాల ఎల్క్, నైరుతి కొండల్లో తిరిగే మెరియమ్స్ ఎల్క్ అనే రెండు రకాలు పూర్తిగా పోయాయి. కొలరాడోలో 1858-59లో బంగారం బయటపడింది. జనం వేలకు వేలు కొండలెక్కారు. గని పనివాళ్లకు తిండి కావాలి. పశువులను తోలుకొచ్చి కోసేకంటే ఎదురుగా మేస్తున్న ఎల్క్‌ను కాల్చడం చవక. కొందరు దాన్నే వృత్తి చేసుకున్నారు. కాల్చడం, బండికెత్తడం, గని ఊళ్లలో అమ్మడం. 1910 నాటికి రాష్ట్రమంతా వెతికినా వెయ్యికి లోపే ఉన్నాయి.

అన్నిటికంటే సిగ్గుచేటు పళ్ల కథ. ఎల్క్ పైదవడలో రెండు కోరలుంటాయి, నున్నగా ఏనుగు దంతంలా మెరుస్తాయి. 1868లో న్యూయార్క్‌లో 'ఎల్క్స్' పేరుతో పెద్దమనుషుల సంఘం ఒకటి పుట్టింది. దాని సభ్యులు ఆ పళ్లను గడియారం గొలుసుకు వేలాడదీసుకోవడం హోదాగా పెట్టుకున్నారు. దాంతో పళ్లకు గిరాకీ వచ్చింది. వయోమింగ్‌లోని జాక్సన్ హోల్‌లో రెండు పళ్లు పీక్కుని, మిగతా జంతువు మొత్తాన్నీ మంచులో వదిలిపెట్టి పోయే ముఠాలు తయారయ్యాయి. ఇప్పుడు కొలరాడోలో కొమ్ములో తలో కోసుకుని మాంసాన్ని కావాలనే వదిలేసి పోతే జుల్మానాతో పోదు, ఫెలనీ, అంటే పెద్ద నేరం కేసు అవుతుంది. అంత కఠినం ఎందుకంటే ఆ పళ్ల ముఠాలను గుర్తు తెచ్చుకోవాలి.

1900లో అయోవా కాంగ్రెస్ సభ్యుడు జాన్ లేసీ తెచ్చిన చట్టం బజారు మీద మొదటి పెద్ద దెబ్బ. ఒక రాష్ట్రంలో అక్రమంగా చంపినదాన్ని ఇంకో రాష్ట్రానికి తరలిస్తే అది ఫెడరల్ నేరమని ఆ చట్టం తేల్చింది. రైలెక్కి పోయే వేటమాంసానికి అడ్డుపడింది. కొలరాడో 1903లో ఎల్క్ వేటనే మూసేసి 1929లో గానీ తెరవలేదు. ఈలోపు వయోమింగ్ నుంచి ఎల్క్‌లను తెచ్చి కొండల్లో వదిలింది. ఎస్టెస్ పార్క్‌కు 1913లో వచ్చినవి యెల్లోస్టోన్ వైపు నుంచి లయన్స్ ఊరిదాకా రైల్లో, అక్కడినుంచి మోటారు బండ్లలో వచ్చాయి. డెన్వర్ తెలుగువాళ్లం చుట్టాలొస్తే తప్పకుండా ఎస్టెస్ పార్క్ తీసుకుపోయి, రోడ్డుకడ్డంగా నిలబడ్డ ఎల్క్ ముందు ఫొటోలు దింపుతాం. వాటి తాతముత్తాతలు కూడా వలస వచ్చినవేనని చెబితే నవ్వుతారు. ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఎల్క్‌లు మూడు లక్షలకు దగ్గరగా ఉన్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

డబ్బెక్కడిది? 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. వేట తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను. ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే పోవాలి. అంతకంటే గట్టి మెలిక ఇంకొకటి ఉంది. వేట లైసెన్సుల రుసుమును రోడ్లకో వేరే శాఖల జీతాలకో మళ్లించిన రాష్ట్రానికి ఆ పన్నులో వాటా దక్కదు. అది మాంద్యం కాలం, ఖజానాలు ఖాళీగా ఉన్న రోజులు. అయినా ఆ పైసలు అడవికే అంటిపెట్టుకున్నాయి. ఇక్కడి వేటగాళ్లు "జంతువులను బతికించింది మేమే" అని ఛాతీ విరుచుకుంటారు. అది సగం నిజం. చంపింది కూడా వాళ్ల తాతలే. పైగా ఇవాళ ఆ పన్ను కట్టేవాళ్లలో ఎక్కువమంది అడవి మొహం చూడనివాళ్లు, ఇంట్లో దాచుకోవడానికో గురి కొట్టుకోవడానికో తుపాకులు కొనేవాళ్లు. ఇక్కడ వేటాడేవాళ్లు జనాభాలో నూటికి ఐదారుగురికి మించరు.

మన దగ్గర కథ వేరే దారిన నడిచింది. అమ్రాబాద్ గుట్టల మీద ఫర్హాబాద్‌లో నిజాముకు వేట బంగళా ఉండేది. మృగం దొరది, అడవి దొరది. డప్పులు కొట్టి మృగాన్ని తోలుకొచ్చే పని ఊరివాళ్లది, కాల్చే పని దొరవారిది. దొరలు పోయాక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అందులోనూ కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. అంటే వేట రాజుల చేతిలోంచి దాదాపు నేరుగా నిషేధంలోకి పోయింది. నడుమ మామూలు మనిషి చేతికి పెద్దగా రాలేదు. అమెరికాలో తొలి నుంచీ వాదన వేరు. ఇంగ్లండ్‌లో లేడి రాజుగారిది కాబట్టి, రాజును వద్దనుకున్న దేశంలో లేడి అందరిదీ కావాలన్నారు. రాష్ట్రం దానికి ధర్మకర్త మాత్రమే. నేను ఏ భూస్వామినీ బతిమాలకుండా, ప్రభుత్వ అడవిలో కోటీశ్వరుడు నిలబడే చోటే నిలబడి వేటాడొచ్చు. వినడానికి బాగుంది కదా.

కానీ ఆ అందరిలో యూట్ తెగవాళ్లు లేరు. మేం పోవాలనుకుంటున్నది మీకర్ ఊరి చుట్టుపక్కల వైట్ రివర్ అడవికి. రాష్ట్రంలోకెల్లా పెద్ద ఎల్క్ మంద అక్కడిదే. ఆ ఊరికి పేరు నేథన్ మీకర్ అనే ప్రభుత్వ ఏజెంటు వల్ల వచ్చింది. యూట్ తెగవాళ్లను రైతులుగా మార్చాలని పట్టుబట్టి, వాళ్లు ప్రాణంగా చూసుకునే గుర్రాల మేతభూమిని దున్నించాడు. 1879లో వాళ్లు తిరగబడి అతణ్ని చంపారు. 1881లో సైన్యం ఆ యూట్‌లను ఉటాకు తరిమేసింది. పదేళ్లకే, 1891లో, ఆ పీఠభూమి ప్రభుత్వ రిజర్వు అడవి అయింది. ఇవాళ నేను ఉచితంగా అడుగుపెట్టబోయే ప్రజల భూమి చరిత్ర ఇది. ఇక్కడి వేటపుస్తకాల్లో దీన్ని ఒక పేరాలో దాటేస్తారు.

రాష్ట్రం దక్షిణాన ఇంకోలా జరిగింది. 1873 బ్రూనో ఒప్పందంలో యూట్‌లు శాన్ వాన్ కొండలను వదులుకున్నా అక్కడ వేటాడే హక్కును కాగితం మీద నిలుపుకున్నారు. ఆ హక్కు ఇప్పటికీ చెల్లుతుంది. ఆ ప్రాంతంలో వేటకు తమ మనుషులకు ఆ తెగలే అనుమతులిస్తాయి. మన నల్లమల చెంచుల సంగతి దీనికి సరిగ్గా తిరగబడింది. 1940ల మొదట్లో ఆస్ట్రియా పరిశోధకుడు హైమెండార్ఫ్ వాళ్ల పెంటల్లో, అంటే గూడేల్లో, తిరిగి చూసి రాసిన తర్వాత నిజాం సర్కారు అమ్రాబాద్ మీద వాళ్లకు కొంత అడవి కేటాయించింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, బంక, పోడు భూమి వగైరాల మీద హక్కులిచ్చింది. వేటను మాత్రం పేరుపెట్టి మరీ మినహాయించింది. ఒకరికి భూమి పోయి వేట మిగిలితే, ఇంకొకరికి అడవిలో చోటు మిగిలి వేట పోయింది. నాకు ఇందులో మింగుడుపడనిది ఒకటుంది. అమెరికా చట్టం తినేవాణ్ని ఒకలా, అమ్మేవాణ్ని ఒకలా చూడటం నేర్చుకుంది. మన చట్టానికి కుందేలు ఉడకబెట్టుకున్న చెంచుకీ పులిచర్మాల బేరగాడికీ మధ్య శిక్షలో హెచ్చుతగ్గులున్నాయి గానీ, తిండికి చోటు లేదు. పులి బతకాలంటే కణుజు మిగలాలి, అది ఒప్పుకుంటాను. నూటికి నూరు మంది తుపాకి పట్టే దేశం కావాలని నేననను. మా ఊళ్లో పల్లికాయ చేను చుట్టూ పాతచీరలు కట్టి రాత్రంతా పందులను కాచే రైతు కూడా ఈ లెక్కలో ఎక్కడా కనబడడు, అదే నా బాధ.

ఇక మా ఏర్పాట్లు. మొదటి చిక్కు మా మేనల్లుడి వీసా. వాడు హెచ్-1బి మీద ఉన్నాడు. ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటివాళ్లు తుపాకి కొనడం అటుంచి, చేతిలో పట్టుకోవడమే నేరం. అయితే అదే చట్టంలో మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. "అంటే మామా, కుందేలు లైసెన్సు కొంటే నేను తుపాకి పట్టొచ్చా?" అన్నాడు నమ్మలేక. పట్టొచ్చు. వాడికి నమ్మకం కుదరక లాయరును కూడా అడిగొచ్చాడు, మంచిదే.

1949లోగానీ ఆ తర్వాతగానీ పుట్టినవాళ్లు వేట భద్రత కోర్సు పాసైతేనే ఇక్కడ లైసెన్సు ఇస్తారు. తుపాకి మూతి ఎటు ఉండాలి, కంచె ఎట్లా దాటాలి, దేన్ని కాల్చకూడదు, అన్నీ అందులోనే. ఎక్కువ భాగం కాల్చకపోవడం గురించే. ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నవాళ్లకు ఎల్క్ లైసెన్సు రుసుము తక్కువ. బయటి రాష్ట్రాలవాళ్లు దానికి పదిరెట్లు పైగా కడతారు.

మగదా, ఆడదా అన్నది రెండో చర్చ. మగదైతే ఒక కొమ్ముకైనా నాలుగు కొనలుండాలి, లేదా నుదుటి దగ్గర కొన ఐదంగుళాలుండాలి. లేకపోతే కాల్చకూడదు. దూరాన చెట్ల సందుల్లో ఆ కొనలు లెక్కపెట్టడం మా కళ్లకు అయ్యే పని కాదు. అందుకే ఏప్రిల్‌లో డ్రాకు ఆడ ఎల్క్ లైసెన్సులే రాశాం. "ఆడదాన్ని సంపుతరారా, పాపం తగుల్తది" అని అక్క. ఒక మగది చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి మగవాటిని ఎన్ని తగ్గించినా మంద తగ్గదని, ఏ కొండలో ఎన్ని ఆడవి తీయాలో ఏటా లెక్కకట్టి మరీ లైసెన్సులిస్తారని చెప్పాను. తృప్తిపడలేదు. పాండురాజును గుర్తుచేసింది. రైఫిల్ సీజన్ ఎదకాలం దాటాకే వస్తుందన్నాక కొంచెం నెమ్మదించింది.

ఆమెలా అడవి జంతువుల పక్షాన నిలబడేవాళ్లు ఇక్కడా ఉన్నారు. 2020లో కొలరాడో ఓటర్లు స్వల్ప తేడాతో తోడేళ్లను తిరిగి తెమ్మన్నారు. 2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి తెచ్చి వదిలారు. నగరాలు సరేనన్నాయి, పశువులున్న కొండ జిల్లాలు ఇప్పటికీ కోపంగా ఉన్నాయి. 2024లో కొండసింహాల వేటను నిషేధించాలని ఓటింగు పెడితే ఓడిపోయింది.

వేటలో అసలు కష్టం కాల్చడం అయిపోయాకే మొదలవుతుందని అందరూ చెబుతున్నారు. ముందు కాల్చే దాకా వస్తే కదా. ఇక్కడ ఎల్క్ వేటకు పోయిన అయిదుగురిలో నలుగురు ఉత్తచేతులతోనే వస్తారు. పడిందే అనుకుందాం. బయట మంచు కురుస్తున్నా ఒంట్లో వేడికి మాంసం చెడిపోతుంది, వెంటనే తోలు తీయాలి. మగదో ఆడదో తెలిసే గుర్తు మాంసానికి అంటుకునే ఉండాలి, దారిలో అధికారి అడిగితే చూపాలి. ఎముకలు తీసినా ఎనభై, తొంభై కిలోలుంటుంది. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, ఊపిరాడని చోట, దాన్ని నాలుగైదు విడతలుగా వీపు మీద మోయాలి. తల మాత్రం పరీక్షకు ఇద్దామనుకుంటున్నాం. 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లో మొదట కనుక్కున్న ఒక మెదడు జబ్బు ఇక్కడి జింకల్లోనూ ఎల్క్‌ల్లోనూ ఉంది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు, అయినా ఫలితం వచ్చేదాకా తినొద్దంటారు.

అందరికీ కనబడేలా నారింజ రంగు కోట్లు, టోపీలు కొన్నాం. గులాబీ రంగు కూడా 2016 నుంచి చెల్లుతుంది గానీ మావాడు ఒప్పుకోలేదు. ఎండాకాలమంతా శనివారాలు వీపు మీద బియ్యం మూటలు పెట్టుకుని కొండలెక్కుతున్నాం.

ఈలోపు మా వీధిలో సంగతి పొక్కింది. పండగలకు పల్లెల్లో యాటను కోసి పాళ్లు పంచుకున్నట్టు ఇక్కడి మనవాళ్లు కూడా పొలాల దగ్గర మేకను కొని వాటాలేసుకుంటారు. ఆ అలవాటు మీదే ముగ్గురు వచ్చి, "అన్నా, ఎల్క్ పడితే మాకో పాలు. పైసలు ఇప్పుడే ఇస్తం" అన్నారు. పైసా తీసుకోకూడదని లేసీ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. మాంసం కావాలంటే ఊరికే ఇస్తాం, చేతనైతే మోయడానికి రమ్మన్నాను. ఇద్దరు వస్తామన్నారు. మూడోవాడు బండి ఎక్కడిదాకా పోతుందో కనుక్కుని చెబుతానన్నాడు.