అవ్వ లాగేసుకున్న తుపాకి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన బోయ ఇళ్లలో పిల్లవాడు కట్టెపుల్లను తుపాకిలా గురిపెట్టి ‘ఢాం’ అంటే, అవ్వ దాన్ని లాగి పొయ్యిలో వేస్తుంది. “అది మనకు అచ్చిరాలేదు నాయనా” అంటుంది. దేవరగట్టు బన్ని ఉత్సవానికి కర్రలతో పోయే మగవాళ్లను మాత్రం ఆపదు. కర్రకు లేని అడ్డు తుపాకికెందుకు? ఈ ప్రశ్నతోనే మేము పాత చరిత్ర తిరగేశాం.

వేట, కోట కాపలా మన పెద్దల బతుకు. విల్లు పట్టిన చేతులే తర్వాత తుపాకి పట్టాయి. పాలెగాళ్ల కింద కట్టుబడి బంట్లుగా ఉన్న కాలంలో కొడుకుకు ఆయుధం నేర్పడమంటే తిండికి దారి చూపడమే.

1779లో హైదర్ అలీ చిత్రదుర్గం పట్టుకున్నాడు. అక్కడి బేడరులు మనవాళ్లే. 20,000 మందిని శ్రీరంగపట్టణానికి తరలించి, మగపిల్లలను చేలా పటాలాల్లో చేర్చాడని చరిత్రకారులు రాశారు. దీన్ని మనం వీరగాథగా చెప్పుకుంటాం. ఆ పిల్లల తల్లుల మాట ఎవరూ రాయలేదు. తుపాకి చేతికిచ్చినవాడే కన్నవాళ్ల దగ్గర్నుంచి బిడ్డలను లాక్కున్నాడు.

1800లో ఈ సీమ కుంపిణీ పాలైంది. (ఆదోని అప్పట్లో బళ్లారి కింద ఉండేది, కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో.) మన్రో పాలెగాళ్ల బలం తీసేశాడు. బంట్లకు పని పోయింది. 1857లో ముధోళ సంస్థానంలోని హలగలి బేడరులు ఆయుధాలు అప్పగించమన్నారు గనుక కుంపిణీ సైన్యం ఊరికి నిప్పుపెట్టింది, 19 మందిని ఉరితీసింది. 1878 చట్టంతో లైసెన్సు లేని తుపాకి నేరమైంది.

తుపాకి లేనివాళ్లకూ సుఖం లేదు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద మన ఎరుకల సోదరులను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టమే సర్కారుకిచ్చింది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, ఇళ్లలో భయం పోలేదు.

ఫ్యాక్షన్ రోజుల్లో నాటుబాంబు మోసింది మన కుర్రవాళ్లు. లైసెన్సు తుపాకి మాత్రం పెద్దింటి గోడకే వేలాడింది. జైలుకు పోయినవాడి కొడుకు బడి మానేసి గొర్రెలు కాశాడు. మాస్టర్లకు ఇది మా కంటే బాగా తెలుసు.

హలగలి పేరు చెప్పి అవ్వను అడిగాం. ఆ పేరు ఎప్పుడూ వినలేదంది. “రాత్రిపూట ఎవరన్నా తలుపు తడితే మా నాయన ముందు దీపం ఆర్పేవాడు” అని చెప్పి, పొయ్యిలో పుల్ల ఎగదోసింది.