బొంతగుడ్డల మూట

బొంత అంటే మనకు చిన్నచూపే గదండీ! కానీ చోళమండల తీరంలో అద్దిన పూలగుడ్డ ఒకప్పుడు సీమదొరల పడకలెక్కింది. 1626లో ఇంగ్లీషువాళ్ళు మన నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టింది బట్టల బేరానికే. 1640లో మద్రాసుకు తరలిందీ అక్కడ బట్ట చవకనే. ఆ గుడ్డమీద మోజు ముదిరేసరికి సీమ నేతగాళ్ళు గోలపెట్టారు. 1721లో కట్టుకోవడం, ఇంట్లో వాడటం కూడా కూడదని చట్టమొచ్చింది. అయినా అక్కడి ఆడవాళ్ళు ముక్కలు పారెయ్యలేదు. పువ్వులు కత్తిరించి తెల్లగుడ్డమీద కుట్టుకున్నారు. మన తీరపు అద్దకం గుడ్డలు నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పదిలంగా ఉన్నాయి.

మరి మన అమ్మమ్మలు పాతచీరలతో కుట్టిన బొంతలేవీ? పరిచీ పరిచీ చివరికి మసిగుడ్డలయ్యాయి. ఎవరు కుట్టారో కూడా తెలీదు.

బొంతకోసం చీరముక్కలు కూడబెట్టేవాళ్ళు గంజి పూర్తిగా పోయేట్టు ఉతకండి. పురుగుకు గంజే ఎర. మన సముద్రపు గాలిలో తేమెక్కువ, బాగా ఆరందే పెట్టెలో పెట్టకండి. మూడునెలలకోసారి తీసి మడత మార్చండి. వెంకటగిరి చీరైనా జరీ విరిగేది పాతమడత దగ్గరే. ఏ ముక్క ఎవరి చీరదో గుడ్డపేలికమీద రాసి దారంతో కుట్టండి. గుండుసూది మాత్రం వద్దు, ఉప్పుగాలికి తుప్పుపట్టి మరక దిగుతుంది.