వేదినీ బుగ్యాలు: బాట ఎవరిది?

అల్లసాని పెద్దన పదునాఱవ శతాబ్దమున రచించిన మనుచరిత్రమునందు ప్రవరుడు, తన యింటికి వచ్చిన తీర్థవాసుల నోట దూరదేశముల విశేషములు విని విని, తానును వానిని కన్నులార చూడవలెనని ఉవ్విళ్లూరి, ఒక సిద్ధుడు ప్రసాదించిన పాదలేపము పూసికొని, మరుక్షణమున హిమాచలసానువులపై నిలిచినాడు. తనివితీర చూచి మధ్యాహ్నకృత్యములకు ఇల్లు చేరవలెనని తలచుసరికి లేపము మంచునీట కరగిపోయి యుండెను. ఊరికి దారి చెప్పుమని అపరిచితయైన వరూధినిని అడుగవలసి వచ్చెను. హిమాలయమును ఒక్క పగటిలో చూచి రావలెనను కోరికకు అంతకంటె రమ్యమైన కథ మన సాహిత్యమున నే నెఱుగను. కాని ఆ కథలో కాలిబాట లేదు. కొండ యున్నది, వనమున్నది, అప్సరకాంత యున్నది. ఆ కొండపై గొఱ్ఱెలను మేపినవారును, బరువులు మోసినవారును లేరు. నేటి యాత్రికునకు పాదలేపముతో పనిలేదు, అతని కొఱకు బాట సిద్ధముగా నున్నది. ఆ బాట ఎవరిది, ఎవరి పాదముల క్రింద నలిగి బాటయైనది యనునదే ఈ వ్యాసమున నేను విచారింపదలచిన విషయము.

ఉత్తరాఖండ రాష్ట్రమున, చమోలీ జిల్లాలో, పిండర్ నదికి నీరందించు ఏరుల పైలోయలయందు వాణ్ అను గ్రామము కలదు. సుమారు 2,400 మీటర్ల యెత్తున నున్న ఈ యూరినుండి జ్యేష్ఠమాసపు వేకువను బయలుదేరినవాడు, ముందుగా ఒక మిట్ట నెక్కి, నీలగంగ యను సెలయేటికి దిగి, అటుపై ఓక్ చెట్లును బురాంశ్ చెట్లును దట్టముగా పెరిగిన యేటవాలున గంటల తరబడి ఊపిరి బిగబట్టి ఎక్కవలసి యుండును. నాచు పట్టిన మ్రాకుల నడుమ ఆకాశమే కానరాని ఆ యెక్కుడు ముగియునంతలో అడవి హఠాత్తుగా అంతరించును. చెట్టన్నది లేని పచ్చిక బయలు అలలు అలలుగా కన్నులముందు పరచుకొనును. అదియే 3,354 మీటర్ల యెత్తున నున్న వేదినీ బుగ్యాలు. దాని ప్రక్కనే వీపువలె వంగిన కొండమీద ఆలీ బుగ్యాలు. ఎదుట 7,120 మీటర్ల త్రిశూలమును, 6,309 మీటర్ల నందాఘుంటియును, మబ్బులేని ప్రాతఃకాలమున, చేయి చాచిన అందునన్నంత చేరువగా తోచును. బయలు నడుమ వేదినీకుండమను చిన్న సరస్సున్నది. వేదములు ఈ గట్టుననే పుట్టినవని ఆ ప్రాంతీయుల విశ్వాసము.

బుగ్యాలనగా చెట్లు పెరుగు మేర దాటిన పిమ్మట, శాశ్వతహిమమునకు దిగువన, గడ్డియు పూమొక్కలును మాత్రమే పెరుగు ఎత్తైన మైదానము. చమోలీ జిల్లా గల గఢ్వాలు ప్రాంతమున సాధారణముగా 3,300 మీటర్లకు పైబడిన చోట్ల ఇట్టివి కానవచ్చును. కార్తికమునుండి వైశాఖము వఱకు మంచు క్రింద మునిగియుండు ఈ నేల, మంచు కరగినదే తడవుగా మొలకెత్తి, వర్షర్తువున విరగబూచి, ఆశ్వయుజమునాటికి పండి గోధుమవన్నెకు తిరుగును. సంవత్సరమున నాలుగైదు మాసములే ఇచ్చటి మొక్కకు ఆయుర్దాయము. ఆ స్వల్పకాలముననే అది చిగిర్చి, పూచి, విత్తు రాల్చి, వేళ్ల యందు బలము కూడబెట్టుకొనవలెను. కావుననే ఒకసారి త్రవ్వి చెఱచిన పచ్చిక మరల అతుకుకొనుటకు ఏండ్లు పట్టును. మట్టి కొట్టుకొనిపోయిన చోట అసలే అతుకుకొనకపోవచ్చును.

ఈ గడ్డిని మొట్టమొదట ఎఱిగినవారు గొఱ్ఱెలకాపరులు. గఢ్వాలున వారిని పాలసీలందురు, ప్రక్కనున్న కుమావూనున అన్వాళ్లందురు. ఎండలు ముదిరినకొలది పల్లెలోని మందల నన్నిటిని కూడగట్టుకొని, మెట్టుమెట్టుగా అడవిలో మజిలీలు చేయుచు, మంచు వెనుకకు తగ్గినంత మేరకే పైకెక్కి, వానకాలమంతయు బుగ్యాళ్లలో గడపి, చలి తఱుముకొనివచ్చినపుడు అదే క్రమమున క్రిందికి దిగుట వారి జీవనవిధానము. గేదెలను ఆవులను తోలుకొని వచ్చు గ్రామస్థులు అడవి యంచున ఱాళ్లతో దూలములతో కట్టుకొన్న ఛానులయందు కాపురముండి, వెన్నయు నేయియు కూడబెట్టుదురు. ఉత్తరకాశీ ప్రాంతమున దయారా బుగ్యాలునకు పశువులను తోలు రైథల్ గ్రామవాసులు భాద్రపద సంక్రాంతినాడు ఆ బయలు మీదనే పాలు, పెరుగు, వెన్న దేవతలకు నివేదించి, ఒకరి ముఖమునకు ఒకరు వెన్న పూసికొని ఉత్సవము చేయుదురు. వేసవి పొడుగునను తమ పశువులను పోషించిన నేలకు కృతజ్ఞత చెల్లించి గాని వారు ఇంటిముఖము పట్టరు. నేడు మనము నడచు బాటలలో పెక్కు ఈ మందలు తొక్కినవే. గొఱ్ఱె నిట్టనిలువు చరియ నెక్కదు. వాలును అడ్డముగా కోసికొనుచు, నీటిచెలమను వదలక, రాయి జాఱని చోటు చూచుకొని పోవును. వాని వెనుక మనుష్యుడు నడచినాడు.

గొఱ్ఱె ఈ కొండలలో మేసినది మాత్రమే కాదు, మోసినది కూడ. నీతి, మాణా కనుమల దాపున నివసించు మార్ఛా, తోల్ఛా భోటియాలు వేసవిలో పైయూళ్లను, శీతకాలమున లోయయూళ్లను ఆశ్రయించి, శతాబ్దములుగా టిబెట్టుతో వర్తకము సాగించిరి. గొఱ్ఱెలకును మేకలకును వీపున రెండువైపుల సంచులు కట్టి, ఒక్కొక్కదానిపై సుమారు పది కిలోల ధాన్యమెక్కించి, అయిదువేల మీటర్లు దాటిన కనుమలమీదుగా ఆవలికి తోలి, తిరుగుప్రయాణమున ఉప్పును, వెలిగారమును, ఉన్నిని తెచ్చెడివారు. బరువు మోయు జంతువు దారిలో తన మేత తాను వెదకికొనుచుండుటచే, బుగ్యాళ్లు ఆ వర్తకమునకు అన్నసత్రములై యుండెను. 1962లో చైనాతో యుద్ధము సంభవించి సరిహద్దు మూతపడగా ఆ వర్తకము ఒక్క యేట అంతరించినది. దానిపై నాధారపడిన పల్లెలు కోలుకొనుటకు ఒక తరము పట్టినది.

కాపరి బాటమీదనే దేవతయు నడచినది. గఢ్వాలీయులకు నందాదేవి ఆడపడుచు. హిమశిఖరములు ఆమె అత్తవారిల్లు. పన్నెండేండ్ల కొకసారి యనుకొను నందాదేవి రాజజాత్ ఉత్సవమున, నౌటీ గ్రామమునుండి బయలుదేరిన ఊరేగింపు, ఊరూర సారె లందుకొనుచు, ఆమె సోదరుడని చెప్పబడు లాటూ దేవత కొలువున్న వాణ్ చేరి, అచ్చటినుండి వేదినీ మీదుగా రూపకుండము, జ్యూరాగలీ కనుమ దాటి హోమకుండము వఱకు సుమారు 280 కిలోమీటర్లు సాగును. 1987లోను, 2000లోను, 2014లోను ఈ యాత్ర జరిగినది. ఇందలి విశేషమేమనగా, ఊరేగింపునకు ముందు నడచునది నాలుగు కొమ్ముల పొట్టేలు. అమ్మవారి కానుకల సంచులు దాని వీపున కట్టుదురు; హోమకుండమున పూజలు ముగిసిన పిదప దానిని ఒంటరిగా మంచుకొండల దిక్కునకు విడిచిపెట్టుదురు. పురోహితులును, పూర్వరాజవంశీయులును, వేలకొలది భక్తులును ఒక గొఱ్ఱెపోతు వెనుక నడచు ఈ ఆచారమునందు, ఈ దారిని ముందు కనుగొన్నది ఎవరో గుర్తెఱిగిన జాతియొక్క వినయము నాకు కానవచ్చుచున్నది.

ఆ యాత్రతోపాటు కట్టుబాట్లును వచ్చినవి. వాణ్ దాటిన పిమ్మట తోలు వస్తువులు కొనిపోరాదు. బుగ్యాలులో కేకలు వేయరాదు. మిక్కిలి వన్నెల వస్త్రములు ధరింపరాదు, ధరించినవారిని ఆంఛరీలు అను వనదేవతలు ఎత్తుకొనిపోదురు. నందాష్టమికి పూర్వము బ్రహ్మకమలమును త్రుంపరాదు. శాపభయముచే కల్పితములైన మూఢవిశ్వాసములని వీనిని త్రోసివేయుట సులభము. కాని నందాష్టమి భాద్రపదమున వచ్చును. వర్షర్తువున పూచు పువ్వులకు అప్పటికి గింజ కట్టు వ్యవధి లభించును. ఆ నియమము పాటించిన పల్లెటూరి వృద్ధురాలు వృక్షశాస్త్రము చదివి యుండకపోవచ్చును, కాని మరుసటి యేటి పువ్వును కాపాడినది. కనౌజి రాజు యశోధవళుడు నియమభంగము చేసి నర్తకీమణులతో ఈ కొండ నెక్కగా నర్తకులు శిలలైరనియు, రాజపరివారము వడగండ్లవానలో నశించెననియు చెప్పు జానపదగాథ కూడ ఆ కట్టుబాటునే మరియొక విధమున బోధించుచున్నది. వేదినీకి పైన నున్న పాతర్ నచౌనీ యను చోటికి ఆ పేరు ఆ గాథనుండియే వచ్చినది.

ఆ గాథకు భౌతికసాక్ష్యమని చిరకాలము భావింపబడినది రూపకుండము. సుమారు 5,000 మీటర్ల యెత్తున నున్న ఆ చిన్న మంచుమడుగు గట్టున చెల్లాచెదరుగా పడియున్న మానవాస్థికలు 1942లో ఒక అటవీశాఖోద్యోగి కంటబడి లోకమునకు తెలిసినవి. 2019లో ప్రకటితమైన పరిశోధనలో మన హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాలుపంచుకొనిరి. 38 మంది యెముకలనుండి జన్యుపదార్థమును వేరుచేసి చూడగా, వారిలో 23 మంది భారతభూమికి చెందిన భిన్నభిన్న వంశములవారనియు, సుమారు ఏడవ శతాబ్దమునుండి పదవ శతాబ్దము నడుమ, ఒక్కసారిగా గాక వేర్వేరు సందర్భములందు మరణించిరనియు తేలినది. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశమువారై, ఇటీవలి శతాబ్దములలో అచ్చట అసువులు బాసిరి. మిగిలిన ఒక్కరు ఆగ్నేయాసియా సంతతి. ఒక రాజు, ఒక వాన, ఒక ప్రళయమను కథ దీనితో నిలువలేదు. కాని దానికంటె గొప్ప సత్యమొకటి నిలిచినది: వేయి సంవత్సరములకు పూర్వమే, ఉపఖండము నలుమూలల వంశములవారు ఈ బాట నెక్కుచుండిరి.

ఆంగ్లేయుల రాకతో ఈ కొండలకు క్రొత్త కన్నులు వచ్చినవి, క్రొత్త కష్టములును వచ్చినవి. సర్వేయరు, అధికారి, వేటగాడు, పర్వతారోహకుడు, ఎవరు వచ్చినను వారి డేరాలు, పెట్టెలు, వంటసామగ్రి మోయవలసిన విధి గ్రామస్థులకు వంతులవారీగా పడెడిది. కూలీ బేగారమను ఈ వెట్టి పేర్లు గ్రామాధికారుల పట్టీలలో వ్రాయబడి యుండెడివి. 1921 జనవరిలో, ఉత్తరాయణ పుణ్యకాలపు తిరునాళ్లకు బాగేశ్వరమున గుమిగూడిన జనసమూహము, బదరీదత్త పాండే మొదలగువారి నాయకత్వమున, ఆ పట్టీలను సరయూనదిలో విసరివేసి, ఇక వెట్టి మోయమని ప్రమాణము చేసినది. వెట్టి అంతరించినది ఆ ప్రమాణబలమున. 1907లో లాంగ్‌స్టాఫ్ త్రిశూలము నెక్కెనని గ్రంథములు ఘోషించును. వేదినీనుండి ఆ శిఖరమును చూచి మురియువారు, అతనితో శిఖరము చేరిన గూర్ఖా వీరుడు కర్బీరును, అట్టి యాత్రల బరువులు మోసిన పేరులేని భుజములను కూడ తలచుకొనవలెను.

ఇట్లే 1931లో కామెట్ శిఖరము నెక్కి మరలివచ్చుచు ఫ్రాంక్ స్మైత్ భ్యూండార్ లోయలో దిగి, అచ్చటి పూలసంపదకు ముగ్ధుడై, 1937లో మరల వచ్చి, మరుసటి యేట దానినిగూర్చి గ్రంథము ప్రకటించినాడు. ఆ గ్రంథమువలన పూలలోయ జగద్విఖ్యాతమైనది. కాని భ్యూండార్ పల్లెవారు ఆతని తాతలనాటికే అచ్చట గొఱ్ఱెలను మేపుచుండిరి. 1982లో ఆ లోయ జాతీయోద్యానమైనది, మేపు నిషిద్ధమైనది. పిదప పాలిగోనమ్ అను పొడవైన మొక్క దట్టముగా అల్లుకొని చిన్న పూమొక్కలను కప్పివేయసాగినది. మేపు ఆగుటయే దీనికి హేతువని కొందఱు శాస్త్రజ్ఞులును, కాదని మఱికొందఱును వాదించుచున్నారు. వాదమెట్లున్నను, అటవీశాఖ యేటేట కూలీలచేత ఆ మొక్కను పీకించుచునే యున్నది. మనుష్యుని వెలివేసిన మాత్రమున ప్రకృతి తనంత తాను పూర్వస్థితికి రాదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కఱలేదు.

వేదినీ కథ మరియొక తీరున నడచినది. వర్తకము పోయి, మందలు పలుచబడిన కాలముననే, పర్వతవిహారము జీవనోపాధిగా వచ్చి వాణ్ యువకులకు మార్గదర్శకవృత్తి, గాడిదలవానికి బాడుగ, ముసలివానికి టీకొట్టు కల్పించినది. దానితోపాటే బయలు మీద వందలకొలది డేరాలు, వాని చుట్టు త్రవ్విన కాలువలు, పారవేసిన చెత్త, ఫైబరు కుటీరములు వెలసినవి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ ఉన్నతన్యాయస్థానము ఆలీ, వేదినీ, బగ్జీ బుగ్యాళ్ల రక్షణకై వచ్చిన అర్జీపై తీర్పు చెప్పుచు, బుగ్యాళ్లలో రాత్రి బస నిషేధించినది, యాత్రికుల సంఖ్య 200 మించరాదన్నది, శాశ్వతనిర్మాణములను తొలగింపుమన్నది, వర్తకార్థమైన పశుమేపును ఆపి, స్థానిక కాపరులకు మాత్రము అనుమతి నిచ్చినది. డేరాలు వేసి బ్రతికినవారికి ఇది దెబ్బయైన మాట నిజము. ఐనను ఆ తీర్పునందలి వివేకము నేను గౌరవించుచున్నాను. ఏలయన అది పచ్చికను చెఱచువానికిని, పచ్చికతో బ్రతుకువానికిని గల భేదమును గుర్తించినది.

కావున పగటిపూట ఎక్కి, కన్నులార చూచి, ప్రొద్దు వాలకమునుపే అడవి యంచునకు దిగివచ్చు యాత్ర నేడు వినోదమాత్రము కాదు, ధర్మము కూడ అయినది. బయలులో అరవకుము, పువ్వు త్రుంపకుము, అవసరమునకు మించి నిలువకుము అని కాపరియు, జాతర పూజారియు తరతరములుగా చెప్పినదానినే న్యాయస్థానము శాసనభాషలో చెప్పినది. ఇక మిగిలియున్నది ఒక్క కార్యము: ఆ నియమములను నిర్ణయించు సభలలో వాణ్ వంటి పల్లెల పెద్దలకును, స్త్రీలకును, పాలసీలకును ఆసనము వేయుట. ఏ వాలున నేల జాఱునో, ఏ నెలలో ఏ మేర గడ్డి తొక్కుడునకు ఓర్చునో ఎఱిగినవారు వారే. వారి నడిగి చేసిన కట్టుబాటు కావలివాడు లేని చోటకూడ చెల్లును. వారిని విడిచి చేసినది, ఎంత మంచిదైనను, కాగితమునందే యుండును.